520 మందిలో 41: టెక్సస్ ప్రవేశాల్లో ఒక తెలుగు కుటుంబం కేసు

ఈ కేసు రాయడానికి అబ్బాయీ తల్లిదండ్రులూ ఒప్పుకున్నారు. ఊరు, బడి, ఇంటి వివరాలు వదిలేశాను. ర్యాంకు, స్కోర్ల అంకెలను కూడా వాటి మధ్య పొంతన చెడకుండా కొద్దిగా జరిపాను. నేను డాలస్ ఉత్తర శివార్లలో హైస్కూలు పిల్లలకు కాలేజీ ప్రవేశాల విషయంలో సలహాలిస్తుంటాను. నా దగ్గరికి వచ్చేవారిలో ఎక్కువమంది తెలుగువాళ్ళే. ఈ ఇంట్లో అందరూ ఒళ్ళు దాచుకోకుండా కష్టపడ్డారు. ఆ కష్టం పడవలసిన చోట పడలేదు. అందులో నా తప్పు కూడా ఉంది కాబట్టే దీన్ని రాస్తున్నాను.

నేపథ్యం

తండ్రి పల్లెటూరి జిల్లా పరిషత్ పాఠశాలలో చదివి, ఎంసెట్ ర్యాంకుతో ఇంజినీరింగ్ సీటు సంపాదించి, ఉద్యోగం మీద అమెరికా వచ్చినవారు. తల్లి ఇక్కడ ఒక ఆసుపత్రి లెక్కల విభాగంలో పనిచేస్తారు. అబ్బాయి ఇక్కడే పుట్టాడు. ఒక చెల్లెలు ఉంది. 2024 జనవరిలో, అబ్బాయి పదకొండో తరగతి సగంలో ఉండగా నా దగ్గరికి వచ్చారు. తరగతిలో 520 మంది విద్యార్థులు, అతని ర్యాంకు 38. కాలేజీ ప్రవేశాల కోసం అమెరికా అంతటా రాసే శాట్ పరీక్ష ఒకసారి రాశాడు, 1600కు 1450 వచ్చింది. కోరిక ఒక్కటే: ఆస్టిన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ సైన్స్.

తండ్రి మొదటి మాట నాకు బాగా గుర్తు. "మేడమ్, ర్యాంకు సంగతి మాకు తెలుసు, అది బడిలో ర్యాంకే కదా. రాష్ట్రం మొత్తం రాసే పరీక్ష శాట్. అందులో 1550 దాటిస్తే సీటు వస్తుంది. మీరు ఆ దారి చూపించండి."

ఎంసెట్ చూసి పెరిగిన మనిషికి అంతకన్నా సహజమైన ఆలోచన ఉండదు. అక్కడ రాష్ట్రమంతటికీ ఒకే పరీక్ష, ఒకే వరుస. బడిలో మొదటి స్థానమా పదో స్థానమా అని ఎవరూ అడగరు. టెక్సస్‌లో సరిగ్గా దీనికి తిరగేసిన లెక్క నడుస్తుంది.

అసలు నిబంధన ఏమిటి

1996లో హాప్‌వుడ్ కేసులో ఫెడరల్ అప్పీళ్ళ న్యాయస్థానం టెక్సస్ విశ్వవిద్యాలయ ప్రవేశాల్లో జాతిని పరిగణించకూడదని తీర్పు చెప్పింది. నల్లజాతి పిల్లలకూ మెక్సికన్ మూలాల పిల్లలకూ తలుపులు మూసుకుపోతాయన్న భయం మొదలైంది. మరుసటి సంవత్సరమే, కింగ్స్‌విల్ శాసనసభ్యురాలు ఇర్మా రాంజెల్ ముందుకు తెచ్చిన బిల్లు చట్టమైంది. రాష్ట్రంలోని ఏ హైస్కూలులోనైనా తరగతిలో పై 10 శాతంలో నిలిచిన పిల్లలకు ఏ ప్రభుత్వ విశ్వవిద్యాలయంలోనైనా ప్రవేశం హామీ. పశ్చిమ టెక్సస్‌లో నలభై మంది తరగతి అయినా, హ్యూస్టన్‌లో వెయ్యి మంది తరగతి అయినా కొలత ఒక్కటే.

ఈ హామీతో వచ్చేవారే ఆస్టిన్ సీట్లను దాదాపు నింపేస్తుండటంతో 2009లో ఒక సవరణ చేశారు. టెక్సస్ విద్యార్థులకిచ్చే సీట్లలో 75 శాతం నిండే వరకే ఆస్టిన్ ఆ హామీని పాటిస్తే చాలు. అందుకే ఆస్టిన్‌కు మాత్రం గీత 10 దగ్గర లేదు. 2019 నుంచి 2025 వరకు చేరినవారికి అది 6 శాతం. 2026లో చేరేవారికి 5 శాతం అని 2024 సెప్టెంబరులో ప్రకటించారు. మిగతా ప్రభుత్వ విశ్వవిద్యాలయాలకు 10 శాతమే వర్తిస్తుంది.

మా అబ్బాయి తరగతిలో 520 మంది. 6 శాతం అంటే 31 మంది. అతను 38. మధ్యలో ఉన్నది ఏడుగురు పిల్లలు. ఆ ఏడు స్థానాల అవతల హామీ ఉంది. ఇవతల, రాష్ట్రం నలుమూలల నుంచీ హామీ దొరకని వేలమందితో మిగిలిన 25 శాతం సీట్ల కోసం పోటీ ఉంది.

మరో రెండు సంగతులు తల్లిదండ్రుల్లో చాలామందికి తెలియవు. ర్యాంకును దరఖాస్తు గడువు నాటికి ఉన్నదాన్నే తీసుకుంటారు. గడువులు శరత్కాలంలో వస్తాయి కాబట్టి, ఆచరణలో పదకొండో తరగతి ముగిసేనాటి ర్యాంకే లెక్క. పన్నెండో తరగతిలో ఎంత మెరిసినా ఈ హామీకి అది అందదు. రెండోది, హామీ విశ్వవిద్యాలయంలో ప్రవేశానికే. కోరుకున్న కోర్సుకు కాదు. ఆస్టిన్‌లో కంప్యూటర్ సైన్స్, ఇంజినీరింగ్, బిజినెస్ సీట్లకు హామీ ఉన్న పిల్లలు కూడా విడిగా పోటీపడాలి.

ఇదంతా చెప్పాక తండ్రి ముఖం ఎర్రబడింది. "అంటే ఎక్కడో మూల బడిలో 1200 తెచ్చుకున్న పిల్లవాడికి సీటు, మావాడికి లేదా?" అన్నారు. చట్టం పుట్టుక గురించి చెప్పినా ఆయనకు ఎక్కలేదు. చివరికి నూజివీడు ట్రిపుల్ ఐటీ గురించి అడిగాను. 2008లో నూజివీడు, ఇడుపులపాయ, బాసరల్లో అవి మొదలైనప్పుడు ప్రవేశ పరీక్ష పెట్టలేదు. పదో తరగతి ఫలితాల ఆధారంగానే పిల్లలను తీసుకున్నారు. తర్వాత పదో తరగతికి గ్రేడ్లు వచ్చాక, వసతి లేని ప్రభుత్వ బడుల పిల్లలకు గ్రేడు పాయింట్లకు 0.4 కలిపారు. కార్పొరేట్ కోచింగ్ అందని పిల్లవాడు తన బడిలో తాను ముందు నిలిస్తే చాలు, అవకాశం వెతుక్కుంటూ వస్తుందన్నది అక్కడి ఆలోచన. ఆయన కాసేపు మాట్లాడలేదు. "మా మేనకోడలు నూజివీడులోనే చదివింది. లేకపోతే మా అక్కవాళ్ళు ఇంజినీరింగ్ చదివించగలిగేవాళ్ళు కారు" అన్నారు. ఆ రోజు నుంచి చట్టం మీద కోపం మానేశారు. ఇంట్లో నిబంధన మీద కోపం ఉన్నంతకాలం దాని ప్రకారం ప్రణాళిక వేయడం కుదరదు. అందుకే ఈ సంభాషణకు గంట పట్టినా అది వృథా కాలేదని ఇప్పటికీ అనుకుంటాను.

మొదట చేసిన పని, అది ఎలా చెడింది

ఇంత వివరించిన నేనే తర్వాత తప్పటడుగు వేశాను. కుటుంబం శాట్ కోసం వచ్చింది. 38 నుంచి 31కి చేరడం కష్టమనీ, స్కోరు పెంచడం మన చేతిలో ఉన్న పని అనీ అనుకున్నాను. 25 శాతం వాటాలో పోటీపడేటప్పుడు మంచి స్కోరు పనికొస్తుంది కాబట్టి శని, ఆదివారాల్లో శిక్షణకు ఒప్పుకున్నాను.

మార్చిలో ఆస్టిన్ ఒక ప్రకటన చేసింది. కోవిడ్ కాలం నుంచి ఐచ్ఛికంగా ఉంచిన శాట్ లేదా దానిలాంటి ఏసీటీ పరీక్ష స్కోర్లు 2025లో చేరేవారికి మళ్ళీ తప్పనిసరి. దరఖాస్తుదారుల్లో తమ స్కోరును పరిగణించమన్నవారి మధ్యస్థ శాట్ 1420, వద్దన్నవారిది 1160. 2023లో చేరినవారిలో, ర్యాంకు వంటి ఇతర అంశాలను సరిచేసి చూసినా, స్కోరును పరిగణించమన్నవారి మొదటి సెమిస్టరు జీపీఏ, అంటే గ్రేడ్ల సగటు, 0.86 ఎక్కువ ఉందని విశ్వవిద్యాలయం అంచనా వేసింది. తండ్రి ఆ సాయంత్రమే ఫోను చేశారు. "చూశారా మేడమ్, చివరికి పరీక్షే నిలబడింది." ఆ గొంతులోని ఊరట చూసి నేనూ మెత్తబడ్డాను. హామీ ఉన్నవారు కూడా స్కోరు పంపాలి, నిజమే. కానీ స్కోరు ఎంత ఉన్నా హామీ గీత కదలదని, అది కోర్సు కేటాయింపులోనూ మిగిలిన వాటాలోనూ మాత్రమే తూగుతుందని అప్పుడు మరింత గట్టిగా చెప్పవలసింది. శిక్షణ అలాగే సాగింది.

మేలో శాట్ ఫలితం 1530. ఇంట్లో పండగ. జూన్‌లో ర్యాంకు పత్రం వచ్చింది: 41.

జనవరి నుంచి మే వరకు సాగే సెమిస్టరే ర్యాంకులోకి ఎక్కే ఆఖరి సెమిస్టరు. ఆ ఐదు నెలల్లో వారాంతాలన్నీ శాట్‌కు పోయాయి. ఫిజిక్స్ అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ కోర్సులో, అంటే హైస్కూలులోనే చదివే కాలేజీ స్థాయి కోర్సులో, 'ఏ' గ్రేడు రావలసిన చోట 'బి' వచ్చింది. చరిత్రలోనూ అంతే. 80 పాయింట్లు సంపాదించి మూడు స్థానాలు పోగొట్టుకున్నాం. శిక్షణ లేకపోతే 31 లోపలికి వచ్చేవాడని నేను చెప్పలేను. కానీ ఆ సెమిస్టరులో కాలాన్ని దేనికి ఖర్చు పెట్టాలన్న ప్రశ్నను ఆ రూపంలో నేను ఆ కుటుంబం ముందు ఒక్కసారి కూడా పెట్టలేదు. శాట్‌ను ఆగస్టులో కూడా రాయవచ్చు. ఆ సెమిస్టరు మళ్ళీ రాదు.

ఆర్కెస్ట్రా లెక్క

జూన్‌లోనే, ఆలస్యంగా, మొదటి రోజే అడగవలసిన కాగితం అడిగాను: స్కూల్ డిస్ట్రిక్ట్, అంటే ఆ ప్రాంతపు ప్రభుత్వ బడులను నడిపే సంస్థ, జీపీఏ ఎలా కడుతుందో చెప్పే నిబంధనల పత్రం. దానితో పాటు తొమ్మిదో తరగతి నుంచి ఉన్న ట్రాన్‌స్క్రిప్ట్, అంటే గ్రేడ్ల పత్రం. అది ముందు పెట్టుకుని కూర్చున్నప్పుడు నాకు చాలా బాధ కలిగింది.

అబ్బాయి ఆరో తరగతి నుంచి బడి ఆర్కెస్ట్రాలో వయోలా, అంటే వయొలిన్ లాంటి వాయిద్యం, వాయించేవాడు. తొమ్మిది పూర్తయ్యాక మాన్పించారు. కారణం మా ప్రాంతంలో ప్రతి తెలుగు ఇంట్లో వినిపించేదే. ఆ డిస్ట్రిక్ట్‌లో అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ కోర్సులో ఏ వస్తే 5 పాయింట్లు, మామూలు కోర్సులో ఏ వస్తే 4. ఆర్కెస్ట్రా మామూలు కోర్సు. ఏడు కోర్సుల్లో 5 చొప్పున తెచ్చుకున్న పిల్లవాడు ఎనిమిదోదిగా ఆర్కెస్ట్రా తీసుకుని అందులో ఏ తెచ్చుకుంటే సగటు 4.875కు దిగుతుంది. బాగా వాయించినందుకు ర్యాంకు పడిపోతుంది. ఈ లెక్క తప్పేమీ కాదు. పై వరుసలో పిల్లల మధ్య తేడా రెండో దశాంశంలోనే ఉంటుంది.

కానీ మాన్పించిన తర్వాత ఏం జరిగిందో చూడాలి. ఆ ఖాళీలో పదో తరగతిలో ఒకటి, పదకొండులో మరొకటి అడ్వాన్స్‌డ్ కోర్సులు చేర్చారు. రెండింటిలోనూ బి వచ్చింది. ఆ కోర్సుల్లో బి అంటే 4 పాయింట్లు. ఆర్కెస్ట్రాలో అతనికి ఎప్పుడూ వచ్చే ఏ కూడా 4 పాయింట్లే. రెండేళ్ళు వయోలా మానుకున్నందుకు ర్యాంకులో దక్కింది సున్నా. పైగా ఆ కోర్సుల హోంవర్కు కోసం రాత్రి ఒంటిగంట దాకా మేలుకున్నాడు. ఆ అలసట మిగతా కోర్సుల్లో ఎన్ని పాయింట్లు తీసుకుపోయిందో ఎవరూ లెక్కకట్టలేరు.

ఈ లెక్కను అబ్బాయి ముందే చేసి చూపించాను. తల్లి ట్రాన్‌స్క్రిప్ట్ మీద చెయ్యి పెట్టి చాలాసేపు అలాగే ఉండిపోయారు. అబ్బాయి మాత్రం తొణకలేదు. "నేను అప్పుడే లెక్క వేశాను ఆంటీ. ఎవరూ అడగలేదు" అన్నాడు.

ఆ మాట తర్వాత నేను ఈ కేసులో తల్లిదండ్రులను అడగడం తగ్గించి అతన్ని అడగడం మొదలుపెట్టాను.

మధ్యలో మరో ఆలోచన కూడా వచ్చింది. పోటీ తక్కువ ఉన్న వేరే ఊరి బడికి మారితే ర్యాంకు మెరుగవుతుందని ఎవరో చెప్పారట. అక్కడి డిస్ట్రిక్ట్ కొత్తగా వచ్చిన విద్యార్థి గ్రేడ్లను తమ పట్టిక ప్రకారం తిరగరాస్తుందని ఫోను చేస్తే తెలిసింది. పదకొండు అప్పటికే ముగిసింది. స్నేహితులందరినీ వదిలి వెళ్ళడానికి అబ్బాయి ఒప్పుకోలేదు. నేను అతని పక్షాన నిలిచాను. అక్కడితో అది ఆగిపోయింది.

పనిచేసింది

ఆగస్టులో ఒక తెల్లకాగితం మీద చేతిలో ఉన్న హామీలు మాత్రమే రాయించాను. 41 అంటే 7.9 శాతం. ఆస్టిన్ గీతకు బయట, చట్టం గీతకు లోపల. అంటే టెక్సస్ ఏ అండ్ ఎం, యూటీ డాలస్ (టెక్సస్ విశ్వవిద్యాలయపు డాలస్ ప్రాంగణం), హ్యూస్టన్ విశ్వవిద్యాలయం, టెక్సస్ టెక్ అన్నిటిలోనూ ప్రవేశానికి హామీ ఉంది. ఎనిమిది నెలలుగా ఆ ఇంట్లో అందరూ "రాలేదు" అంటున్న ర్యాంకు ఇన్ని తలుపులు తెరిచి ఉంచింది. ఆ కాగితాన్ని తల్లి ఫ్రిజ్‌కు అంటించారు.

తర్వాత ఆ ప్రతి హామీ ఎక్కడ ఆగుతుందో రాశాం. అప్పట్లో ఏ అండ్ ఎంలో ఇంజినీరింగ్ పిల్లలు మొదటి ఏడాది జనరల్ ఇంజినీరింగ్‌లోనే చేరేవారు. 3.75 జీపీఏ ఉంటే కోరిన శాఖ నేరుగా దక్కేది. తగ్గితే శాఖలవారీగా పోటీ. యూటీ డాలస్‌లో కంప్యూటర్ సైన్స్‌లోనే నేరుగా చేరవచ్చు. 1530 శాట్ అక్కడ ఉపకార వేతనానికి గట్టి ఆధారం. చూడండి, అదే స్కోరు ఆస్టిన్ హామీకి పనికిరాలేదు, ఇక్కడ ఫీజు తగ్గించే స్థితిలో ఉంది. స్కోరుకు విలువ ఉంది. ఎక్కడ ఉందన్నదే మేము మొదట చూడలేదు.

ఆస్టిన్‌కు దరఖాస్తు చేయవద్దని నేను అనలేదు. అవకాశం తక్కువ, కానీ లేకపోలేదు. కాకపోతే దాని కోసం మిగతావాటిని నిర్లక్ష్యం చేయకూడదని షరతు పెట్టాను. వ్యాసం దగ్గర మళ్ళీ తగవు. మొదటి ప్రతి రోబోటిక్స్ క్లబ్ నాయకత్వం గురించి. అందులో అబ్బాయి ఎక్కడా లేడు. ఏదైనా పని ఎవరూ చెప్పకుండా చేశావా అని అడిగాను. ఆర్కెస్ట్రా మానేసిన తర్వాత కూడా వారానికొకసారి ఆ గదికి వెళ్ళి చిన్న పిల్లల వాయిద్యాలకు తీగలు మారుస్తుంటాడని, శ్రుతి తప్పిన తీగను గుర్తించే చిన్న ప్రోగ్రాము రాశాడని అప్పుడు బయటపడింది. ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆ వ్యాసాన్ని నేను ఒక్క వాక్యం కూడా దిద్దలేదు.

ఫలితాలు

ఆ ఏడాది ఆస్టిన్‌కు దరఖాస్తులు 90 వేలు దాటాయి. మా అబ్బాయికి కంప్యూటర్ సైన్స్ రాలేదు. బదులుగా క్యాప్ అనే ఏర్పాటు కింద అవకాశం ఇచ్చారు. యూటీ వ్యవస్థలోని మరో ప్రాంగణంలో ఒక ఏడాది 30 క్రెడిట్లు, 3.2 జీపీఏతో పూర్తి చేస్తే ఆస్టిన్‌కు మారవచ్చు.

తండ్రి కళ్ళు వెలిగాయి. "ఏడాదే కదా! మా ఊళ్ళో అందరికీ ఆస్టిన్ అని చెప్పేశాం." ఆయన నోట ఆ రెండో వాక్యం వచ్చిందంటే ఎంత బరువు మోస్తున్నారో నాకు అర్థమైంది. అందుకే దీన్ని మొహం మీద కొట్టినట్టు చెప్పలేదు. నిబంధనను ఆయన చేతే చదివించాను. ఆ హామీ లిబరల్ ఆర్ట్స్ కళాశాల కోర్సులకే. కంప్యూటర్ సైన్స్ ఉన్నది వేరే కళాశాలలో. అందులోకి మారాలంటే మళ్ళీ విడిగా, గట్టిగా పోటీపడాలి. చరిత్ర వంటివి చదవాలనుకునే పిల్లవాడికి క్యాప్ నిజంగా మంచి దారి. ఇతనికి అది ఊరి పేరు దక్కి చదువు దక్కని దారి. ఆయన రెండుసార్లు చదివి కాగితం పక్కన పెట్టేశారు.

మిగిలినవి ఏ అండ్ ఎం, యూటీ డాలస్. నా మొగ్గు రెండోదాని వైపే, ఆ మాట దాచలేదు. కానీ ఎంచుకునే పని అబ్బాయికే వదిలేశాను. రెండు ప్రాంగణాలూ చూసి వచ్చి వాళ్ళ నాన్నతో ఇలా అన్నాడు: "నాన్నా, నాలుగేళ్ళు పక్కవాడి మార్కులు చూస్తూ బతికాను. 3.75 కోసం ఇంకో ఏడాది అలా బతకలేను. తెస్తాను, తేగలను. కానీ వద్దు." యూటీ డాలస్‌లో చేరాడు. ఉపకార వేతనం ఫీజులో మంచి భాగాన్ని మోసింది. మొదటి సెమిస్టరు ముగిశాక కలిశాను. వయోలా మళ్ళీ పట్టుకున్నాడు.

నేను మార్చుకున్నవి

ఇప్పుడు తొమ్మిదో తరగతి పిల్లల తల్లిదండ్రులు వచ్చినా మొదట అడిగేది డిస్ట్రిక్ట్ జీపీఏ నిబంధనలనే. ఏ కోర్సులు ర్యాంకు లెక్కలోకి వస్తాయి, ఏవి రావు, ఎనిమిదో తరగతిలో తీసుకున్న హైస్కూలు గణితం కలుస్తుందా లేదా, ఇవి డిస్ట్రిక్ట్‌కు డిస్ట్రిక్ట్‌కు మారతాయి. పక్క వీధి వాళ్ళకు పనికొచ్చిన ఉపాయం మనకు నష్టం చేయవచ్చు. ఒక కళనో ఆటనో మాన్పించాలని ఎవరైనా అంటే, దాని చోట రాబోయే కోర్సులో పిల్లవాడికి నిజంగా ఏ గ్రేడు వస్తుందో వేసి చూడమంటాను. బి వచ్చేట్టయితే మాన్పించడానికి కారణమే లేదు. ఏ వచ్చేట్టయినా, ఆ రెండో దశాంశం ఎన్ని స్థానాలు ఇస్తుందో, ఆ స్థానాలు గీత దాటిస్తాయో లేదో చూడమంటాను. 60వ ర్యాంకు నుంచి 50కి వస్తే ఆస్టిన్‌కు తేడా లేదు, ఏ అండ్ ఎంకు తేడా ఉంది. 20 నుంచి 12కు వస్తే హామీల్లో దేనికీ తేడా లేదు.

శాట్ శిక్షణను పదకొండో తరగతి రెండో సెమిస్టరులో పెట్టడం మానేశాను. పదో తరగతి తర్వాతి వేసవిలో, కుదరకపోతే పదకొండు తర్వాతి వేసవిలో.

ఈ ఫిబ్రవరిలో తల్లి మళ్ళీ వచ్చారు. చెల్లెలు ఎనిమిదిలో ఉంది, తొమ్మిదో తరగతి కోర్సుల పత్రం నింపాలి. ఆ అమ్మాయి దరఖాస్తు చేసే నాటికి గీత 5 శాతం దగ్గరే ఉంటే, 520 మంది తరగతిలో 26వ స్థానం దాకానే హామీ. ఆ సంగతి నేను చెప్పబోతుంటే ఆవిడ సంచిలోంచి డిస్ట్రిక్ట్ నిబంధనల పత్రం తీశారు. అవసరమైన చోటల్లా పసుపు రంగు గీతలు. కోర్సుల పత్రంలో ఆర్కెస్ట్రా ఎదుట అప్పటికే టిక్కు పెట్టి ఉంది. "దాన్ని అడిగాకే పెట్టాను" అన్నారు.